ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో హిమాచల్: తొమ్మిది రోజులు, ఒకే లోయ

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ నుంచి మే చివరి వారంలో తొమ్మిది రోజులు. మీరిద్దరు, 8 ఏళ్ళ పాప, 13 ఏళ్ళ బాబు, 63 ఏళ్ళ మీ అత్తగారు. అత్తగారికి బీపీ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది, రోజూ పొద్దున నడుస్తారు. పిల్లలు సైకిల్ తొక్కుతారు, ఈత వచ్చు. ట్రావెల్స్ వాళ్ళు సిమ్లా, మనాలీ, రోహ్‌తాంగ్, ధర్మశాల, అమృత్‌సర్ కలిపి ప్లాన్ ఇచ్చారు. పిల్లల్ని కొండల్లో నడిపించాలంటే ఈ ప్లాన్ పనికొస్తుందా, లేకపోతే ఎటు వెళ్ళాలి?

పనికిరాదండి. చండీగఢ్‌లో మొదలై చండీగఢ్‌లో ముగిసే ఆ చుట్టు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఘాట్ రోడ్డు మీద, సీజన్ ట్రాఫిక్‌లో గంటకు 25, 30 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. తొమ్మిది రోజుల్లో ఐదు రోజులు కారు సీట్లోనే గడిచిపోతాయి. పాపకు మలుపుల్లో కడుపు తిప్పితే ఆ ఐదు రోజులూ ప్లాస్టిక్ కవరు పట్టుకుని కూర్చోవాల్సిందే. నడిచే కుటుంబానికి కావాల్సింది ఒక లోయ, అందులో రెండు మూడు బసలు, గుమ్మం దిగగానే మొదలయ్యే కాలిబాటలు. హిమాచల్‌లో మీకు సరిగ్గా కుదిరేది కుల్లూ జిల్లాలోని తీర్థన్ లోయ, దాని పక్కనే ఉన్న జీభీ, ఆ పైన జలోరీ కనుమ. తీర్థన్ ఒడ్డు ఊరు గుశైనీ సుమారు 1,500 మీటర్ల ఎత్తు, జీభీ 1,800 పైచిలుకు, జలోరీ దారిలోని శోజా 2,600 దాకా, జలోరీ 3,120. మెట్లు పేర్చినట్టు ఉన్న ఈ వరుస వల్లే పిల్లల ఒంటికి ఎత్తు అలవాటు అవుతుంది. మనాలీ దాటి నేరుగా రోహ్‌తాంగ్ ఎక్కితే ఈ సౌకర్యం ఉండదు. అది 3,978 మీటర్లు.

ముందు తేదీల మాట. మన బడులు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఏప్రిల్ చివర్లో వెళ్తే జలోరీ దగ్గర నీడపట్టున ఉన్న బాటల మీద ఇంకా మంచు గట్టిపడి ఉండొచ్చు. గట్టి మంచు వాలు మీద మామూలు బూట్లతో చిన్నపిల్లల్ని నడిపించకూడదు. జూన్ చివర్లో వానలు పడతాయి. 2023 జూలైలో బియాస్ లోయలో వచ్చిన వరదలకు రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయిన సంగతి మీరు చూసే ఉంటారు. కాబట్టి మే 15 నుంచి జూన్ 10 లోపు మీరనుకున్న తేదీలే సరైనవి. శని, ఆదివారాల్లో ఢిల్లీ, చండీగఢ్ కార్లన్నీ జలోరీ మీదికే వస్తాయి. అందుకని పెద్ద నడకలు మంగళ, బుధ, గురువారాల్లో పడేలా టికెట్లు చూసుకోండి.

ప్రయాణంలో మొదటి తప్పు రాత్రి బస్సు. ఢిల్లీ నుంచి మనాలీ వెళ్ళే రాత్రి వోల్వోలో వచ్చి తెల్లారుజామున ఔట్ అనే ఊళ్ళో దిగడం డబ్బుకు కలిసొస్తుంది. కానీ నిద్రలేని పిల్లలు ఆ రోజే కాదు, మరుసటి రోజు కూడా నడవరు. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు పొద్దున ఫ్లైట్ పట్టుకుని, అక్కణ్ణుంచి కారులో మండీ దాకా వెళ్ళి ఆ రాత్రి అక్కడే పడుకోండి. మండీ ఎనిమిది వందల మీటర్ల లోపే ఉంటుంది, వేడిగా ఉంటుంది, చూడటానికి ఆగక్కర్లేదు, పడుకోవడానికి చాలు. మర్నాడు పొద్దున ఏడింటికి బయల్దేరితే మండీ, పండోహ్, ఔట్ మధ్య కొండచరియలు పడే ముక్కను ట్రాఫిక్ పెరగకముందే దాటేస్తారు. ఔట్ సొరంగంలోకి వెళ్ళకుండా దాని ముందే లార్జి వైపు తిరగాలి. మాటల్లో పడి సొరంగంలోకి వెళ్ళిపోతే అవతల కుల్లూ రోడ్డు మీద తేలతారు. ఆ తిరుగుడు నుంచి బంజార్ సుమారు 30 కిలోమీటర్లు. బంజార్‌లో దారి చీలుతుంది: ఒకటి గుశైనీకి, ఒకటి జీభీ మీదుగా జలోరీకి.

కడుపులో తిప్పడం గురించి ఇక్కడే చెప్తాను, ఎందుకంటే అది మొదలయ్యేది మండీ దాటాకే. పొట్ట ఖాళీగా ఉన్నా వాంతి అవుతుంది, పూరీలతో నిండుగా ఉన్నా అవుతుంది. బయల్దేరడానికి గంట ముందు ఒక ఇడ్లీయో, రెండు బ్రెడ్ ముక్కలో, అరటిపండో చాలు. పాలు వద్దు. పాపను వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి. ఫోను, పుస్తకం ఇవ్వకండి. ఏసీ ఆపి అద్దాలు వేలెడు దించండి. డ్రైవర్‌కు ముందే ‘ఆరామ్ సే’ అని చెప్పండి, మలుపు మలుపుకీ బ్రేకు కొట్టే డ్రైవర్ అయితే ఏ మాత్రా పని చేయదు. వాంతుల మాత్ర పిల్లల డాక్టర్ని అడిగి బరువును బట్టి రాయించుకోండి. అది బయల్దేరే ముందు వేయాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే వాంతిలోనే పోతుంది.

సొంత కారులోనో, అద్దె కారు మీరే నడుపుతూనో వెళ్దామనుకుంటే జీభీ నుంచి జలోరీ 12 కిలోమీటర్లు మాత్రం స్థానిక టాక్సీకి వదిలేయండి. శోజా దాటాక చివరి ఐదు కిలోమీటర్లు రోడ్డు బాగా నిటారుగా, ఇరుగ్గా ఉంటుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఒకే రోడ్డు, ఎదురొచ్చే బస్సు కోసం వెనక్కి తీయాలి. ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది నియమం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే ఆధారపడితే పది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది, తర్వాత బ్రేకు పట్టదు. వాసన వచ్చిందంటే బండి పక్కన ఆపి అరగంట చల్లారనివ్వడమే. చక్రాల మీద నీళ్ళు పోయకూడదు.

లోయలో మొదటి రెండు రాత్రులు గుశైనీ, నాగినీ చుట్టుపక్కల ఏదైనా హోమ్‌స్టేలో ఉండండి. చేరిన రోజు సాయంత్రం ఊళ్ళో గంట తిరగడం తప్ప ఏమీ పెట్టుకోవద్దు. రెండో పొద్దున గుశైనీ నుంచి రోల్లా వైపు నదిని ఆనుకుని పోయే బాట పట్టండి. అది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కుకు వెళ్ళే దారి. ఈ పార్కు 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. రోల్లా దాకా వెళ్ళిరావడం ఈ వయసు పిల్లలకు ఎక్కువ. రెండు గంటలు నడిచి, ఎక్కడున్నా అక్కడ తినేసి వెనక్కి రండి. పార్కు హద్దు లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి, బంజార్ గుశైనీ దారిలో సాయి రోపా దగ్గర పార్కు వాళ్ళ కార్యాలయం ఉంది. హద్దు బయటి బాటకే మీ పని అయిపోతుంది. ఈ నడక అసలు ఉద్దేశం బూట్లు, సంచులు, పిల్లల వేగం పరీక్షించడం. ఏ బూటు ఎక్కడ కరుస్తోందో ఇక్కడే తేలాలి, జలోరీ మీద కాదు.

ఇప్పుడు నది గురించి. ఈ ఒక్క పేరా మాత్రం ఇంట్లో అందరూ చదవండి. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వాళ్ళతో ఉన్న టూర్ నిర్వాహకుడు మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదలడంతో రాళ్ళ మీద నిలబడి ఉన్నవాళ్ళ చుట్టూ నీరు చూస్తుండగానే పెరిగిపోయింది. మీరు ఔట్ దగ్గర తిరిగే మలుపుకు అది దగ్గర్లోనే. మండీ, ఔట్ మధ్య ఎక్కడా ఫొటో కోసం కూడా నది ఒడ్డుకు దిగకండి. తీర్థన్ మీద గుశైనీ దగ్గర అలాంటి పెద్ద డ్యామ్ లేదు, కానీ ఇంకో సంగతి ఉంది. ఈ నీళ్ళు మంచు కరిగి వచ్చేవి. పొద్దున తక్కువగా ఉండి, ఎండ పెరిగే కొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నం తర్వాత మట్టం పెరుగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా పెరుగుతుంది. ఎగువన వాన పడితే ఇంకా వేగంగా, మట్టి రంగులోకి మారి వస్తుంది. మీ పిల్లలకు ఈత వచ్చన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. అంత చల్లటి నీళ్ళలో పడగానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తుంది, చేతులు నిమిషాల్లో మొద్దుబారతాయి. కాళ్ళు తడుపుకోవాలంటే పొద్దున పదింటిలోపు, ప్రవాహానికి దూరంగా పక్కన నిలిచిన మడుగులో, మడమ లోతులో, పెద్దవాళ్ళు దిగువ వైపు నిలబడి ఉండగా. అంతకు మించి వద్దు. తీర్థన్‌లో ట్రౌట్ చేపలున్నాయి, బాబు గాలం వేస్తానంటే మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి, హోమ్‌స్టే వాళ్ళే ఇప్పిస్తారు.

నాలుగో రోజు జీభీకి మారండి. అదే రోజు చెహ్నీ కోఠీ చూడండి. శృంగ ఋషి గుడి దగ్గర్నుంచి ఊళ్ళ మధ్యగా, పొలాల గట్ల మీదుగా ఎక్కుడు బాట ఉంటుంది. దూరం తక్కువే కానీ నిటారు. పైన దేవదారు దూలాలు, రాళ్ళు వరుస మార్చి వరుస పేర్చి, సున్నం లేకుండా కట్టిన ఎత్తైన బురుజు ఉంది. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు పోయినా మిగతాది నిలబడే ఉంది. దూలాలు కదులుతాయి గానీ విరగవు, గోడ ఊగి మళ్ళీ సర్దుకుంటుంది. పదమూడేళ్ళ పిల్లాడికి ఇది ఏ మ్యూజియం కన్నా బాగా ఎక్కుతుంది. బురుజులోకి, గుడి గద్దెల మీదికి బయటివాళ్ళను రానివ్వరు, తోలు బెల్టులు, బూట్లతో గద్దెను తాకనివ్వరు. అడిగి నడుచుకోండి.

ఐదో రోజు అసలు నడక: జలోరీ కనుమ నుంచి సెరోల్‌సర్ చెరువు. ఒక్కో వైపు 5 కిలోమీటర్లు. చెరువు ఎత్తు కనుమ ఎత్తుకు ఇంచుమించు సమానం, అందుకని బాట కాస్త ఎక్కుతూ కాస్త దిగుతూ అడవిలోంచి సాగుతుంది. పెద్దవాళ్ళు గంటన్నర, రెండు గంటల్లో చేరతారు. మీ పాపతో రెండున్నర గంటలు వేసుకోండి. పెద్దవాళ్ళ నడకకు ఒక పాత లెక్క ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ లెక్కంతా రెట్టింపు చేయండి, సరిగ్గా సరిపోతుంది.

జీభీలో ఆరున్నరకు టాక్సీ ఎక్కి, ఏడున్నరకు జలోరీ మీద నడక మొదలుపెట్టాలి. పదింటికి చెరువు. పదకొండుకు తిరుగు. ఒంటిగంటన్నరకు టాక్సీలో ఉండాలి. చెరువు చేరినా చేరకపోయినా పదకొండుకు వెనక్కి తిరగాలని ముందు రాత్రే పిల్లలతో కూడా చెప్పి ఒప్పుకోండి. ఎందుకంత పట్టింపంటే, మే, జూన్‌లలో ఇక్కడ మధ్యాహ్నం తర్వాత మబ్బు కమ్మి ఉరుములు, వడగళ్ళు రావడం మామూలు. పొద్దున నీలంగా ఉన్న ఆకాశాన్ని చూసి పది గంటలకు తీరిగ్గా బయల్దేరినవాళ్ళే ఆ వానలో చిక్కుకునేది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు సెకన్లు లెక్కపెట్టండి, మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే శిఖరం మీద, బయలు మీద, ఒంటరి చెట్టు కింద ఉండకూడదు. దిగువకు, గుబురుగా ఒకే ఎత్తు చెట్లున్న చోటికి వచ్చి, సంచి మీద ముడుచుకుని కూర్చోవాలి. ఒకరికొకరు కొన్ని అడుగుల ఎడంగా ఉండాలి. ఆఖరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా కదలొద్దు.

మీ అత్తగారు కనుమ దాకా టాక్సీలో వచ్చి, మొదటి కిలోమీటరు మీతో నడిచి, మీలో ఒకరితో వెనక్కి రావచ్చు. జలోరీ మీద మహాకాళి గుడి, టీ హోటళ్ళు ఉన్నాయి, కూర్చోవడానికి ఇబ్బంది లేదు. చెరువు ఒడ్డున బూఢీ నాగిన్ అమ్మవారి గుడి ఉంది, ఆ అమ్మకు నెయ్యి సమర్పిస్తారు. చెరువులో ఆకు పడితే పిట్టలు ఏరేస్తాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి, నీళ్ళలో ఏమీ విసరరు.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే కనిపిస్తుంది. అసలు లెక్క పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఏ ఎత్తులో పడుకున్నామన్నది. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మీరు జీభీలో పడుకుని జలోరీ మీద నాలుగైదు గంటలుండి దిగిపోతున్నారు కాబట్టి ప్రమాదం తక్కువ. అయినా లక్షణాలు తెలిసుండాలి. పెద్దవాళ్ళకు తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, నీరసం. పిల్లలు తలనొప్పి అని చెప్పరు. తిండి వద్దంటారు, ఆట మానేస్తారు, ఊరికే చిరాకు పడి ఏడుస్తారు, రాత్రి నిద్రపోరు. బాగా ఆకలేసిన పిల్లా ఇలాగే ఉంటుంది. అందుకని ముందు ఏదైనా తీపి తినిపించి, నీళ్ళు తాగించి, అరగంట కూర్చోబెట్టండి. తేరుకుంటే ఆకలి, తేరుకోకపోతే ఎత్తు అనుకుని దిగిపోండి. ఐదారు వందల మీటర్లు దిగితే చాలామంది తేరుకుంటారు. అడుగులు తడబడుతున్నా, మాట తేడా ఉన్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా ఒక్క క్షణం ఆగకుండా దించాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర ఈ ప్లాన్‌కు అవసరం పడదు. ఎవరైనా వేసుకోమన్నా డాక్టర్ని అడక్కుండా వద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళున్నారు, మీ అత్తగారి బీపీ మాత్రల్లో నీరు తీసే మందు ఉంటే అదీ చూడాలి. ఆవిడ బీపీ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు.

ఆరో రోజు ఏమీ పెట్టుకోకండి. జీభీ జలపాతం దాకా పది నిమిషాల నడక, బట్టలు ఉతుక్కోవడం, నిద్ర. అందరూ ఎగరగొట్టేసేది ఈ రోజే, తర్వాత పిల్లలు మొరాయించేది ఈ రోజు లేకే. ఏడో రోజు రఘుపూర్ గఢ్. జలోరీ నుంచి దాదాపు 3 కిలోమీటర్లే, కానీ నిటారుగా ఎక్కుడు, పైన కోట గోడల శిథిలాలు, చుట్టూ గడ్డి బయలు. దూరం తక్కువని సెరోల్‌సర్ కన్నా ముందు దీన్ని పెట్టుకుంటారు. తప్పు. పిక్కలు పట్టేసేది ఇక్కడే. పైన చెట్టు ఉండదు కాబట్టి ఉరుముల సంగతి ఇక్కడ ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. పదకొండుకు కిందికి దిగడం మొదలవ్వాలి. ఆ రాత్రి శోజాలో పడుకోండి.

పాప మంచు చూడాలంటుంది, తెలుసు. దానికి జీభీలో ఒక రాత్రి, శోజా రాత్రి తగ్గించి, వాటి బదులు మనాలీ దారిలోని నగ్గర్‌లో రెండు రాత్రులు ఉండి, ఒక పొద్దున ఐదింటికి బయల్దేరి అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు వెళ్ళొచ్చు. 9 కిలోమీటర్ల పైగా ఉండే ఈ సొరంగం 2020 అక్టోబరులో తెరిచారు. అవతలి సిస్సూ దాదాపు 3,100 మీటర్లు. వారం రోజులు కొండల్లో ఉన్నాక కొన్ని గంటలకు అది పర్వాలేదు. రోహ్‌తాంగ్‌కు మాత్రం బండికి ముందస్తు పర్మిట్ కావాలి, సంఖ్యకు పరిమితి ఉంది, మంగళవారాలు మూసేస్తారు. నన్నడిగితే మంచు ఈసారికి వదిలేసి ఆ రెండు రోజులూ అడవిలోనే గడపండి.

నడక సాధన ఆరు వారాల ముందే మొదలవ్వాలి. వారానికి ఒకసారి వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో మూడు గంటలు. మిగతా రోజుల్లో మీ అపార్ట్‌మెంట్ మెట్లు. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు, ముప్పై అంతస్తులు 90 మీటర్ల ఎక్కుడు. అందరూ మెట్లెక్కి లిఫ్టులో దిగుతారు. తిరగేయండి: కొన్నిసార్లు లిఫ్టులో ఎక్కి మెట్ల మీద దిగండి. తొడ కండరాలు పట్టేసేది ఎక్కుడులో కాదు, దిగుడులో. అలిపిరి 3,550 మెట్లు ఒక్క పొద్దులో ఎక్కిన పిల్లలైతే సెరోల్‌సర్‌కు భయమే లేదు, కానీ అక్కడ దిగింది బస్సులో అని మర్చిపోకండి.

బూట్లు నెల ముందు కొని కనీసం 40 కిలోమీటర్లు నడిపించాలి. కొనేటప్పుడు మందపాటి మేజోడు తొడిగి, కాలు ముందుకు తోసి, మడమ వెనక చూపుడువేలు దూరేంత ఖాళీ ఉండాలి. బిగుతైతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. బయల్దేరే రెండు రోజుల ముందు గోళ్ళు నేరుగా కత్తిరించండి. బడికి వేసుకునే కాన్వాస్ బూట్లు రాలిన దేవదారు ఆకుల మీద జారతాయి, అరికింద లోతైన గాళ్ళున్నవే కావాలి. మడమ దగ్గర మంట పుట్టగానే ఆగి, తుడిచి ఆరబెట్టి, మెడికల్ షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ ముడతల్లేకుండా అంటించాలి. ‘ఇంకాస్త దూరం’ అని నడిస్తే పావుగంటలో బొబ్బ, తర్వాత మూడు రోజులు చెప్పులే గతి. పిల్లలకు ఆ మంట చెప్పడం నేర్పాలి. ప్రతి ఆగుడులో మీరే అడగండి.

బట్టల్లో జీన్స్, నూలు బనియన్లు వద్దు. చెమటకు తడిసిన నూలు ఆరదు, గాలి తగిలితే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి సుమారు ఆరు డిగ్రీలు పెరుగుతుంది. జీభీలో ఉక్కగా ఉన్న పొద్దున జలోరీ గాలికి పళ్ళు టకటకలాడతాయి. లోపల బడి ఆటల జెర్సీ, దాని మీద ఫ్లీస్, పైన గాలి, వాన ఆపే జాకెట్. మోకాళ్ళ దాకా వేలాడే ప్లాస్టిక్ రెయిన్‌కోటు అడుగు కనిపించకుండా చేసి పడేస్తుంది. ఒక్కొక్కరికి మూడు జతల మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ. ప్యాంటు నిండుగా ఉండాలి, ఎందుకంటే గోడల పక్కన, నీటి కాలువల పక్కన ‘బిచ్ఛూ బూటీ’ పెరుగుతుంది. మన దురదగొండి తగిలినట్టే, కానీ తేలు కుట్టినంత మంట. తగిలితే రుద్దొద్దు. నీళ్ళు పోసి, ఆ చోట ప్లాస్టర్ అంటించి లాగితే సన్న ముళ్ళు ఊడొస్తాయి. కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.

పిల్లల వీపు మీద వాళ్ళ బరువులో పదో వంతుకు మించి వేయకండి. 24 కిలోల పాపకు నీళ్ళతో కలిపి రెండున్నర కిలోల లోపే. సెరోల్‌సర్ రోజుకు పాపకు లీటరు, బాబుకు లీటరున్నర, పెద్దలకు రెండేసి లీటర్ల నీళ్ళు. ముప్పావు గంటకోసారి గడియారం చూసి తినిపించండి, ఆకలేస్తోందని అడిగేదాకా ఆగొద్దు. పల్లీ పట్టీ, ఖర్జూరాలు, సున్నుండలు బాగా పనికొస్తాయి. చిప్స్ దాహం పెంచుతాయి. మధ్యాహ్నానికి హోమ్‌స్టేలో ఆలూ పరాఠాలు కట్టించుకోండి.

తిండి దగ్గర మనవాళ్ళకు వచ్చే చిక్కు అన్నం, పప్పు. 3,000 మీటర్ల దగ్గర నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో ఉడకదు. శోజాలో సొంతంగా వండుకుందామని చిన్న ఎలక్ట్రిక్ గిన్నె తీసుకెళ్ళినవాళ్ళు పలుకు పలుకుగా తింటారు. ప్రెషర్ కుక్కర్ ఉన్న హోమ్‌స్టేలోనే పప్పు అడగండి. పెరుగు చలికి తోడుకోదు, కొన్నదే తినాలి. కందిపొడి, నెయ్యి, కొత్తావకాయ తీసుకెళ్ళండి కానీ పచ్చడి, నెయ్యి చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు. సీసా మూతకు ప్లాస్టిక్ కాగితం బిగించి, రెండు జిప్ కవర్లలో వేసి, పాత టవల్లో చుట్టకపోతే తొమ్మిది రోజులూ ఎర్ర నూనె బట్టలే. అక్కడి సిద్దూ తప్పక తినిపించండి. ఆవిరి మీద ఉడికించిన గోధుమ పిండి రొట్టె, లోపల కూర, పైన నెయ్యి. ఇడ్లీ తినే పిల్లలకు ఇట్టే నచ్చుతుంది.

తాగే నీళ్ళు మరిగించినవే. తళతళ మరిగాక, 2,000 మీటర్ల పైన ఉంటే మూడు నిమిషాలు ఉంచాలి. ఊటనీళ్ళు ఎంత తేటగా ఉన్నా పైన మేకల మందలు ఉంటాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినంత నీళ్ళలోనే కలపండి. పెద్ద పొట్లం లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద పొట్లం గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు ఇంకా హాని. డబ్బాల్లో వచ్చే తీపి పళ్ళరసాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, అలాంటి పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పొట్లాలు ఇక్కడే పది కొనుక్కెళ్ళండి.

నడిచేటప్పుడు పాప ముందు, మీలో ఒకరు ఆఖరున. బాబు పరుగెత్తుకుంటూ ముందుకు పోతాడు కాబట్టి దారి చీలిన ప్రతిచోటా ఆగాలని, అందరూ వచ్చేదాకా కదలకూడదని గట్టిగా చెప్పండి. ఇద్దరి మెడలోనూ ఈల. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా, ఒక చెట్టు పట్టుకుని అక్కడే కూర్చుని మూడేసి సార్లు ఈల వేయాలి. పొద్దున బయల్దేరేముందు ఇద్దరికీ ఫొటో తీయండి, ఏ రంగు చొక్కా వేసుకున్నారో తడుముకోకుండా చూపించొచ్చు. దిగుడులో పరుగు వద్దు, మోకాలు కొద్దిగా వంచి చిన్న అడుగులు వేయాలి. మీ అత్తగారికి భుజం కిందకు వచ్చే చేతికర్ర ఇప్పించండి, దిగేటప్పుడు మోకాళ్ళకు బాగా ఆసరా. ఫోన్‌లో మ్యాప్ ముందే దించుకోండి, జలోరీ అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అంబులెన్సుకు మన 108 నంబరే అక్కడా పని చేస్తుంది. ప్రథమ చికిత్సకు బంజార్‌లో సర్కారు ఆసుపత్రి, పెద్దదైతే కుల్లూ.

తిరుగు ప్రయాణంలో ఫ్లైట్ రోజునే జీభీ నుంచి బయల్దేరే ప్లాన్ వేసుకోకండి. చండీగఢ్‌కు 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాయి పడకపోతే ఎనిమిది గంటలు, పడితే లెక్కే లేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నమే దిగి మండీ దాటి, సుందర్‌నగర్ దగ్గర పడుకోండి. తొమ్మిదో రోజు ఫ్లైట్ సాయంత్రం 5 తర్వాతది తీసుకోండి. తడి బూట్లు వేరే కవరులో, పైన పెట్టండి.